ఏడు మాటల హోర్డింగ్ నుంచి నలభై నిమిషాల పీరియడ్‌కి

పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక, కుర్చీలోంచి లేస్తూ మీలో కొందరు నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మేడమ్, మీరు ఇదివరకు యాడ్ ఏజెన్సీలో చేసేవారటగా? మరి ఇటెందుకొచ్చారు?" ఆ "ఇటు" అనే మాటలో కొంచెం జాలి కూడా వినబడుతుంది. మీ వెనక ఇంకో పదిమంది నిలబడి ఉంటారు కాబట్టి నవ్వేసి ఊరుకుంటాను. ఈ నెల ఈ పేజీ నాకిచ్చారు కనుక కాస్త తీరిగ్గా చెబుతాను.

నేను పుట్టి పెరిగింది ఖమ్మంలో. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ లిటరేచర్‌తో డిగ్రీ చేశాను. 2018లో డిగ్రీ అవగానే బంజారాహిల్స్‌లో ఒక ఏజెన్సీలో కాపీరైటర్‌గా చేరాను. మా అమ్మమ్మకి నా ఉద్యోగం ఎప్పటికీ అర్థం కాలేదు. ఆవిడకి కాపీ అంటే పరీక్షలో కొట్టేదే. "జీతమిచ్చి మరీ కాపీ కొట్టిస్తారటే?" అనేది. ఆవిడ మరీ తప్పేమీ అనలేదు. పెద్ద బ్రాండ్ల ప్రకటనలు చాలావరకు ముంబైలో హిందీలోనో ఇంగ్లిష్‌లోనో తయారై వస్తాయి. వాటిని తెలుగులోకి తేవడం మా పని. వినడానికి తేలికే. కానీ షూటింగ్ అప్పటికే అయిపోయి ఉంటుంది. తెర మీద అమ్మాయి పెదాలు హిందీలో కదులుతుంటాయి. ఆ కదలికకి సరిపడే తెలుగు మాటలు వెతకాలి, ఆమె నోరు మూసేలోపు మన వాక్యం అయిపోవాలి. హిందీలో మూడు చిన్న మాటలుగా ఉన్నది తెలుగులో ఒక పొడుగాటి మాటగా అతుక్కుపోతుంది. టీవీలో కొన్ని ప్రకటనలు చూసి "ఇదేం తెలుగురా బాబూ" అని మీరు విసుక్కుంటారు చూడండి, ఆ తెలుగు చాలాసార్లు ఈ పెదాల లెక్క వల్ల వచ్చిందే.

లెక్క అంటే గుర్తొచ్చింది. మన దగ్గర టీవీ ప్రకటన రేటు 10 సెకన్లకు ఇంత అని ఉంటుంది. 30 సెకన్ల ప్రకటన అంటే మూడు ముక్కలు. అందులో అర సెకను ఖాళీగా పోయినా క్లయింట్ డబ్బు గాలికి పోయినట్టే. హోర్డింగ్‌కైతే మా ఆఫీసులో ఏడు మాటలని లెక్క. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద బైక్ నడిపే మనిషి అంతకన్నా ఎక్కువ చదవలేడు. చదివితే ముందున్న ఆటోని గుద్దుతాడు.

ఆ పని నాకు ఇష్టమే. విసిగిపోయి వదిలేశానని కొందరనుకుంటారు గానీ అదేం కాదు. ఒక పరుపుల కంపెనీకి నేను రాసిన తెలుగు లైన్ విజయవాడ హైవే మీద హోర్డింగ్ అయినప్పుడు, మా నాన్న ఖమ్మం నుంచి బస్సులో వస్తూ కిటికీలోంచి ఫొటో తీశారు. ఫొటోలో హోర్డింగ్ సగమే పడింది, మిగతా సగం కరెంటు స్తంభం. దాన్నే ఏడాదిపాటు వాట్సాప్ డీపీగా పెట్టుకున్నారు.

2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ పట్టుకుని ఖమ్మం వెళ్లిపోయాను. మా పక్కింట్లో ఇద్దరు పిల్లలు. అక్క ఎనిమిది, తమ్ముడు ఆరు. వాళ్ల ఫోన్‌కి సిగ్నల్ మా డాబా మీదే సరిగా అందేది. అందుకని ఆన్‌లైన్ క్లాసులకి మా మెట్లెక్కి వచ్చేవాళ్లు. ఒక సాయంత్రం తమ్ముడు "సిన్స్"కీ "ఫర్"కీ తేడా అడిగాడు. చెప్పాను. ఉదాహరణలు కూడా చెప్పాను. "ఆఁ" అని తలూపి కిందికెళ్లాడు. ఐదు నిమిషాలకి మళ్లీ మెట్ల మీద చెప్పుల చప్పుడు. వచ్చి నిలబడి, "అక్కా, నాకు అర్థం కాలేదు" అన్నాడు.

ఇది మీకు చాలా చిన్న విషయం అనిపించవచ్చు. కానీ రెండేళ్లుగా నేను రాసిన వందల లైన్లలో ఒక్కదాని గురించి కూడా ఎవరూ వెనక్కి వచ్చి అర్థం కాలేదని చెప్పలేదు. అర్థం కానివాళ్లు బైక్ ఆపకుండా వెళ్లిపోతారు. వాళ్లెవరో నాకు తెలియదు. వీడు మాత్రం మెట్లెక్కి వచ్చాడు. ఆ సాయంత్రం సిన్స్, ఫర్ ఇంకో నాలుగు రకాలుగా చెప్పి చూశాను. నాలుగోది పనిచేసింది. వాడి తాతగారు ఆ ఇంట్లో ఎప్పటినుంచి ఉంటున్నారు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు అని అడిగి రమ్మన్నాను. తెలుగులో "నుంచి", "గా" అని రెండు వేర్వేరు తోకలు ఉన్నాయని వాడికి అప్పుడు దొరికింది.

సరిగ్గా అవే రోజుల్లో మా ఏజెన్సీకి ఒక ఆన్‌లైన్ ట్యూషన్ సంస్థ ప్రకటన పని వచ్చింది. ప్రతి పనికీ ముందు బ్రీఫ్ అని ఒక కాగితం ఇస్తారు. ఎవరికి చెప్పాలి, వాళ్ల మనసులో ఏముంది, చూశాక వాళ్లు ఏం చేయాలి అని అందులో రాసి ఉంటుంది. "ఎవరికి" అన్న చోట తల్లులు అని ఉంది. "మనసులో ఏముంది" అన్న చోట ఒక్క మాట ఉంది, భయం. పక్కింటి పిల్లలు ముందుకెళ్లిపోతున్నారు, మనవాళ్లు వెనకబడిపోతున్నారు అనే భయం. ఆ ప్రకటన నా చేతికి రాలేదు. నా పక్క సీటాయన రాశాడు, చాలా బాగా రాశాడు. ఆయన్ని గానీ ఏజెన్సీని గానీ నేనేమీ అనను, ఆ కాగితంలో ఉన్నది అబద్ధం కాదు. ఆ భయం మీ అందరిలో ఉంది, మా అమ్మలోనూ ఉండేది. కాకపోతే పగలు ఆ కాగితం, సాయంత్రం ఆ డాబా. ఆ రెంటిలో నాకు ఏ పని కావాలో తేల్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

ఇంట్లో చెప్పాక జరిగింది మీరు ఊహించుకోగలరు. అమ్మ "మంచిదే, సెలవులుంటాయి" అంది. నాన్న డీపీ మార్చలేదు గానీ రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత వచ్చిన ఒక పెళ్లి సంబంధం వాళ్లు "గవర్నమెంట్ టీచరా, ప్రైవేటా?" అని అడిగి, సమాధానం విని కాఫీ తాగి వెళ్లిపోయారు. జీతం తగ్గింది. ఎంత తగ్గిందో ఈ పత్రికలో రాయడం మర్యాద కాదు. 2021లో ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరాను.

బీఈడీ రెండేళ్లూ దండగ అనేవాళ్లున్నారు. రికార్డులు రాసి రాసి వేళ్లు నొప్పెట్టిన మాట నిజమే. అట్టలకి రంగు కాగితాలు అంటించడానికి నేను పెట్టిన ఖర్చుతో ఒక చిన్న ఏజెన్సీ నడపొచ్చు. కానీ మైక్రో టీచింగ్ అని ఒకటుంది. అది నాకు నిజంగా పనికొచ్చింది. తోటి విద్యార్థులే పిల్లల్లా కూర్చుంటారు. ఒకే ఒక్క నైపుణ్యం, అంటే ప్రశ్నలడగడమో నల్లబల్ల వాడడమో తీసుకుని, 6 నిమిషాలు పాఠం చెప్పాలి. తర్వాత 6 నిమిషాలు అందరూ లోపాలు చెబుతారు. 12 నిమిషాల్లో పాఠం మార్చుకోవాలి. మళ్లీ 6 నిమిషాలు చెప్పాలి, మళ్లీ 6 నిమిషాలు వినాలి. మొత్తం 36 నిమిషాలు. 30 సెకన్ల మనిషికి 6 నిమిషాలంటే సముద్రం. మా లెక్చరర్ గారికి నా పాత ఉద్యోగం తెలుసు. ఒకరోజు అందరి ముందూ నవ్వుతూ, "అమ్మా, అక్కడ అమ్మితే పని అయిపోతుంది. ఇక్కడ కొన్నారో లేదో కూడా నువ్వే చూసుకోవాలి" అన్నారు.

ఆ మాట కళ్లతో చూసింది రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో. పదహారు వారాలు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకి వెళ్లాం. అక్కడ ఒక సీనియర్ సైన్స్ మేడమ్ ఉండేవారు. ఆవిడ ప్రశ్న అడిగి చాక్‌పీస్ బల్ల మీద పెట్టేసేవారు. అంతే. మాట్లాడేవారు కాదు. ముందు బెంచీలో చేతులు లేచినా పిలిచేవారు కాదు. నాకు వెనక కూర్చుని చెమటలు పట్టేవి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. టీవీలో అయితే ఈ పాటికి సగం ముక్క డబ్బు పోయింది. ఐదో సెకనులో చివరి బెంచీ అబ్బాయి, అప్పటిదాకా నేలచూపులు చూస్తున్నవాడు, చెయ్యెత్తేవాడు.

దీని మీద పరిశోధన కూడా ఉంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యావేత్త తరగతి గదుల్లో రికార్డు చేసిన టేపులు వింటూ ఒక సంగతి గమనించారు. టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారు. జవాబు రాకపోతే వాళ్లే చెప్పేస్తున్నారు, లేదా ఇంకొకరిని లేపుతున్నారు. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయి, "తెలియదు" అనడం తగ్గుతోంది, మామూలుగా నోరు విప్పనివాళ్లు మాట్లాడుతున్నారు, పిల్లలు తిరిగి ప్రశ్నలు వేస్తున్నారు. 1970ల నాటి మాట ఇది. మూడు సెకన్లు! హైదరాబాద్ సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడ్డాక వెనకవాడు హారన్ కొట్టకుండా ఆగే సమయం కూడా అంతకన్నా తక్కువే.

2023లో మన స్కూల్లో చేరాను. ఏజెన్సీలో నేర్చుకున్నవి చాలా పనికొస్తున్నాయి. పాఠానికి మొదటి వాక్యం ఎలా ఉండాలో తెలుసు. వ్యాసం రాసేటప్పుడు పిల్లలకి ఒక బ్రీఫ్ ఇస్తాను. ఎవరికి రాస్తున్నావు, వాళ్లకి ముందే ఏం తెలుసు, చదివాక వాళ్లు ఏం చేయాలి అని. "మై బెస్ట్ ఫ్రెండ్" వ్యాసం ఆ బెస్ట్ ఫ్రెండ్‌ని చూడని మనిషికి రాయాలంటే పిల్లలు ఒక్కసారిగా మారిపోతారు. "హి ఈజ్ వెరీ కైండ్" అన్న వాక్యం పోయి, టిఫిన్ బాక్సులో పులిహోర సగం ఇచ్చిన సంగతి వస్తుంది. కానీ ఆ పాత పని నుంచి నేను క్లాసులోకి తేనిది ఒకటుంది, ఖాళీ సెకను అంటే భయం.

గత ఏడాది ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి పీటీఎంకి వాళ్ల నాన్నగారు వచ్చారు. ఇంత ఫీజు కట్టి చేర్చినా పాప ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడట్లేదని, స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌లో కూడా పెడతానని అన్నారు. ఆయన బాధలో న్యాయముంది. ఉదయం ఆరింటికే షట్టర్ ఎత్తే మనిషి. నేను ఆ అమ్మాయిని ఇంగ్లిష్‌లో ఒక చిన్న ప్రశ్న అడిగాను. "మొన్న చదివిన కథలో నీకు ఎవరు నచ్చలేదు?" అని. అర సెకను కాలేదు, "చెప్పమ్మా మేడమ్‌కి" అన్నారు ఆయన. ఇంకో అర సెకనుకి "వచ్చు మేడమ్, ఇంట్లో చెబుతుంది" అన్నారు. ఆయన్ని క్షమించమని అడిగి, ముగ్గురం ఊరికే కూర్చుందామన్నాను. పక్క టేబుల్ దగ్గర మ్యాథ్స్ సార్ గొంతు వినబడుతోంది. ఆరేడు సెకన్లు అయ్యుంటాయి. ఆ అమ్మాయి మెల్లగా, ఒక్కో మాట పెట్టుకుంటూ, కథలో తల్లి నచ్చలేదని, ఆమె కొడుకు ఏడుస్తుంటే కారణం అడగలేదని చెప్పింది. ఇంగ్లిష్‌లోనే. ఒక క్రియ తప్పు. మిగతాదంతా ఆమె సొంతం. ఆ కథలో ఆ సంగతి క్లాసులో ఇంకెవరూ గమనించలేదు, నాతో కలిపి.

గడగడా మాట్లాడటం ప్రకటనకి ఉండాల్సిన లక్షణం. అనుకున్నది, ఆలోచించి, ఇంకో భాషలో పెట్టి చెప్పడానికి పిల్లలకి టైం పడుతుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో చెప్పే పిల్లలు రెండు పనులు చేస్తున్నారు. పీటీఎంలో నేను ప్రశ్న అడిగినప్పుడు మీరు పిల్లల తరఫున జవాబు చెప్పేస్తుంటారు. ప్రేమతోనే. ఈసారి నేను కాస్త చేయి చూపించి ఆపితే తప్పుగా అనుకోకండి. ఆ నాన్నగారు కోచింగ్ మానిపించలేదు, అది ఆయన ఇష్టం. కానీ ఈమధ్య కారులో వస్తున్నప్పుడు ప్రశ్న అడిగి రేడియో కట్టేస్తున్నారట. అమ్మాయే చెప్పింది.

ఈ టర్మ్‌లో అదే క్లాసుతో, అంటే ఇప్పుడు తొమ్మిదో తరగతితో, ప్రకటనలు చదవడం మొదలుపెట్టాను. ఇంటినుంచి ఖాళీ ప్యాకెట్లు, పేపర్ కటింగ్‌లు తెమ్మన్నాను. వంటింట్లో డబ్బాలు మాయమయ్యాయని కొందరు అమ్మలు ఫోన్ చేశారు, క్షమించాలి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలన్న నియమం చెప్పగానే పిల్లలు డబ్బాలు తిప్పడం మొదలుపెట్టారు. పాలల్లో కలుపుకునే పొడి డబ్బా మీద చక్కెర ఎన్నో స్థానంలో ఉందో వాళ్లే చూసుకున్నారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, బోర్న్‌విటా లాంటి పానీయాలని "హెల్త్ డ్రింక్స్" విభాగంలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకి చెప్పింది. మన ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అనే దానికి నిర్వచనమే లేదు. "మరి ఇన్నేళ్లూ ఎలా అన్నారు మేడమ్?" అని అడిగాడొకడు. ఇంకొకడు చుక్క గుర్తు పెట్టి కింద చీమల్లా రాసిన షరతుల్ని భూతద్దం పెట్టి చదివాడు. 2022లో సీసీపీఏ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ షరతులు ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలో, అదే అక్షరాల తీరులో ఉండాలి. ఆ పేపర్ కటింగ్‌లో ప్రకటన తెలుగులో ఉంది, షరతులు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. వాడి ముఖంలో వెలుగు చూడాలి.

ఫలితాల రోజుల్లో టీవీలో అంకెలు ఊపిరాడకుండా చదివే ప్రకటన తెలియని తెలుగు ఇల్లు లేదు కదా. అదీ వచ్చింది క్లాసులోకి. ఒకమ్మాయి, "ర్యాంకు రానివాళ్ల ఫొటోలు ఎక్కడుంటాయి మేడమ్?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఈ వాక్యాన్ని ఎడిటర్ గారు ఉంచితే సంతోషం.

ఆ తర్వాతి వారం ఒక అబ్బాయి మన స్కూల్ అడ్మిషన్ పాంప్లెట్ పట్టుకొచ్చాడు. అందులో ల్యాబ్‌లో కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్న నలుగురు పిల్లల ఫొటో ఉంది. "మేడమ్, వీళ్లెవరు? మన బ్రాంచిలో లేరు. టై కూడా మనది కాదు." క్లాసంతా నా వైపు చూసింది. ఏడు మాటల్లో మాట దాటేయడం నాకు చాతనవును, అది నా పాత వృత్తి. చాక్‌పీస్ బల్ల మీద పెట్టాను. ఎవరో "ప్రిన్సిపల్ సార్‌ని అడుగుదాం" అన్నారు. ఫార్మల్ లెటర్ ఎలాగూ సిలబస్‌లో ఉంది.

ఉత్తరం రెండు పీరియడ్లు పట్టింది. మొదటి చిత్తులో కోపం ఎక్కువుంది, రెండోదాంట్లో "రెస్పెక్టెడ్ సర్" నాలుగుసార్లు ఉంది. చివరికి మిగిలిన ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం ఆ తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయిది. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ఈ ఫొటోలోని పిల్లలు మన ల్యాబ్‌లో ఎప్పుడూ నిలబడలేదు, మేం ప్రతి మంగళవారం నిలబడతాం.

ఉత్తరం పంపిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదని దాచను. ప్రైవేటు ఉద్యోగం కదా. నాలుగు రోజుల తర్వాత ప్రిన్సిపల్ సార్ ఆ కాగితం చేతిలో పట్టుకుని క్లాసుకి వచ్చారు. అది డిజైన్ టీం ఫొటోలమ్మే సైట్‌లో కొన్న బొమ్మ అని ఉన్నదున్నట్టు చెప్పారు. ఉత్తరాన్ని హెడ్డాఫీసుకి పంపానన్నారు. అక్కడినుంచి ఏం వస్తుందో తనకీ తెలియదని, మన బ్రాంచి వరకు మాత్రం మన పిల్లల ఫొటోలే వాడొచ్చని, అయితే అందుకు ఇంట్లో ఒప్పుకోవాలని అన్నారు. "ఒప్పుకోకపోతే?" అని ఒకడు అడిగితే, "అప్పుడు ఖాళీ ల్యాబ్ ఫొటో వేస్తాం" అన్నారు.

గత శుక్రవారం మీ పిల్లల డైరీలో అంటించి పంపిన అనుమతి పత్రం సంగతి అదీ. మీలో ముగ్గురు నలుగురు అదేంటని ఫోన్‌లో అడిగారు. ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా కింది సగం చింపి సోమవారంలోగా పంపండి. వద్దనుకుంటే ఎందుకో వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. అడుగుతారు.